మడత చాకు ప్రాణం కమానులో ఉంటుంది

పాత సందుగ సర్దుతుంటే అడుగున ఒక మడత చాకు దొరుకుతుంది. పిడి నల్లబడి, బ్లేడు బూడిద రంగుకు తిరిగి, కీలు దగ్గర జిడ్డు గట్టిపడి ఉంటుంది. చూడగానే చాలామందికి చేతులు ఊరుకోవు. గరుకు కాగితం తెచ్చి రుద్దుతారు, లేదంటే చౌరస్తాలో సాన పట్టే మనిషికిచ్చి మెరిపించుకొస్తారు. అరగంటలో చాకు తళతళలాడుతుంది. ఆ అరగంటలోనే బ్లేడు మొదట్లో ఉన్న కంపెనీ ముద్ర అరిగిపోతుంది, పలుచటి అంచు కాలి మెత్తబడుతుంది, పిడి అంచుల్లోని పనితనం గుండ్రబడి పోతుంది. అలా పోయినదాన్ని ఎంత డబ్బు పెట్టినా వెనక్కి తేలేం.

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళ చూపంతా బ్లేడు మీదే ఉంటుంది. బ్లేడు అరిగినా, మరకలు పడినా చాకు బతికే ఉంటుంది. పిడి లోపల, వీపు వైపున, బ్లేడును నొక్కి పట్టే ఉక్కు పట్టీ ఒకటుంది. అది విరిగినా, బ్లేడు మొదలుతో దాని పొందిక చెడినా ఇక ఆ చాకు పనికి రాదు. లారీ కింద ఉండే పట్టీల్ని మన మెకానిక్కులు కమాన్ పట్టీలంటారు. చాకులోదీ ఆ పనే చేసే బుల్లి పట్టీ కాబట్టి దీన్నీ కమాను అనే అందాం. కొనడం, శుభ్రం చేయడం, దాచడం అన్నీ ఆ కమాను వైపు నుంచి చూస్తే సులువుగా అర్థమవుతాయి.

కమాను లేనివి, ఉన్నవి, తాళం పడేవి

మడిచే కత్తులన్నీ ఒకే జాతి కాదు. అన్నిటికంటే పాత పద్ధతిలో కమానే ఉండదు, ఒరిపిడి మీదే బ్లేడు నిలుస్తుంది. మంగలి కత్తి ఈ జాతిదే. జపాన్‌లోని మికి పట్టణం పేరు చెప్పగానే గుర్తొచ్చే హిగోనోకామి కూడా అంతే. దానికి మడిచిన లోహపు రేకు పిడి, బ్లేడు వెనక చిన్న తోక ఉంటాయి. ఆ తోక మీద బొటనవేలు ఆనించి పట్టుకుంటేనే బ్లేడు కదలకుండా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్ కూడా మొదట్లో ఇలాంటిదే. 1955లో మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం చేర్చాక దానికి తాళం వచ్చింది.

రెండో జాతి స్లిప్‌జాయింట్. సంప్రదాయ చాకు అంటే సేకరించేవాళ్ళ మనసులో మెదిలేది ఇదే. కమాను ఒత్తిడి బ్లేడును తెరిచిన చోటా మూసిన చోటా నిలుపుతుంది, తాళం మాత్రం పడదు. వీపు మీద గట్టిగా నొక్కితే బ్లేడు మడుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, జర్మనీలో సోలింగెన్, ఫ్రాన్స్‌లో థియేర్ తరతరాలుగా జేబు కోసం చేసినవాటిలో ఎక్కువ భాగం ఇవే. స్విస్ సైన్యానికి 1891 నుంచి చాకులు ఇస్తూ వచ్చిన విక్టోరినాక్స్ వారి ఎర్ర చాకు విప్పి చూసినా చిన్న బ్లేడ్ల వెనక కనిపించేది ఇదే ఏర్పాటు.

మూడోది తాళం పడే రకం. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరు మీద వచ్చిన రాంపురి ఈ కోవలోది. తెలుగులో రాంపురినీ, పెన్సిల్ చెక్కుకునే బుల్లి కత్తినీ రెంటినీ చాకు అనే అంటాం. చాకులు సేకరిస్తానంటే ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడటానికి ఈ పేరే సగం కారణం. ఇక్కడ మాట్లాడుకునేది రెండో జాతి గురించి. దాని బ్లేడు మామూలుగా రెండున్నర, మూడున్నర అంగుళాల మధ్య ఉంటుంది.

నడక, పలుకు

చాకును వీపు మీదికి తిప్పి, గోటి గాడిలో గోరు పెట్టి, బ్లేడును మెల్లగా తెరవండి. పిడి వీపున ఉన్న ఉక్కు పట్టీ కొంచెం పైకి లేచి, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే టక్కున కిందికి పడుతుంది. ఆ రెండు సెకన్లలో లోపల జరిగేదంతా తెలిస్తే చాకును చదవడం వచ్చినట్టే.

కమాను పిడి పొడవునా ఉంటుంది. పిడి చివరన ఒక సీల, నడుమన ఇంకొకటి దాన్ని పట్టి ఉంచుతాయి. రెండో చివర ఏ సీలకూ కట్టుబడకుండా బ్లేడు మొదలు మీద ఆని ఉంటుంది. పిడిలో కూర్చునే ఆ లావుపాటి మొదలును టాంగ్ అంటారు. టాంగ్ గుండ్రంగా ఉండదు, చదునైన ముఖాలుంటాయి. మూసినప్పుడు కమాను ఒక ముఖం మీద, తెరిచినప్పుడు ఇంకో ముఖం మీద కూర్చుంటుంది. రెంటి మధ్య ఉన్న మూల తిరిగేటప్పుడు కమానును పైకి ఎత్తుతుంది. మూల దాటగానే కమాను కొత్త ముఖం మీద పడుతుంది. కొన్ని చాకుల్లో సరిగ్గా 90 డిగ్రీల దగ్గర మూడో ముఖం కూడా ఉంటుంది. అక్కడ బ్లేడు సగంలో ఆగుతుంది. మూసేటప్పుడు వేళ్ళ మీద ఒక్కసారిగా పడకుండా కాచేది ఈ సగం ఆగుడే.

తెరిచేటప్పుడు చేతికి తెలిసే నునుపును సేకరించేవాళ్ళు నడక అంటారు, చివర వినిపించే టక్ శబ్దాన్ని పలుకు అంటారు. ఇంగ్లీషులోనూ వాడుకలో ఉన్నవి ఇవే రెండు మాటలు. నడక బాగుండి పలుకు లేకపోతే టాంగ్ మూలలు అరిగి గుండ్రబడ్డాయని అర్థం, లేదా కమాను అలిసిందని. పలుకు ఉండి నడక గరగరలాడితే లోపల తుప్పో ఇసుకో ఉంది. రెండోదాన్ని నూనెతో బాగు చేయవచ్చు. మొదటిదానికి పెద్ద పనే పడుతుంది.

బ్లేడు, కమాను రెండూ ఒకే రకం ఉక్కుతో చేసినా వాటి స్వభావాలు వేరు. ఎర్రగా కాల్చి చల్లార్చాక ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దానికి మళ్ళీ సన్నని వేడి చూపిస్తే పెళుసుతనం తగ్గుతుంది. ఆ వేడిని కొలిమి దగ్గరి మనిషి రంగు చూసి పడతాడు. తోమిన ఉక్కు మీద 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 255 దాటాక గోధుమ రంగు, 300 దగ్గర నీలం తేలతాయి. బ్లేడును ఎండుగడ్డి రంగు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది, కమానును నీలం దాకా తీసుకుపోతే విరగకుండా వంగుతుంది. పొడి సాన చక్రం మీద బ్లేడు అంచు నీలంగా మారితే దానికి కమాను స్వభావం వచ్చేసిందన్నమాట. ఆ అంచు ఎన్నిసార్లు నూరినా రెండు మామిడికాయలు కోసేలోపే మొద్దుబారుతుంది.

కమాను విరిగేది ఎక్కువగా నడిమి సీల దగ్గరే. అక్కడ రంధ్రం వల్ల లోహం తక్కువ, వంపు ఎక్కువ. సీలకు అడ్డంగా వెంట్రుకంత నల్లటి గీత కనిపిస్తే ఆ చాకును పదేపదే తెరిచి మూయకండి. వెల్డింగ్ చేసి అతకడం కుదరదు, ఆ వేడికి కమానుతనం పోతుంది. కొత్తది చేయించాలంటే పాతదానంత మందం ఉన్న కార్బన్ ఉక్కు రేకు కావాలి. రంధ్రాలు ముందే వేసి, ఆకురాయితో రూపు తెచ్చి, ఆ తర్వాతే కాల్చాలి. బ్లేడు మీద కూర్చునే ముందు కమాను చివర టాంగ్ వైపుకు సుమారు 1 మిల్లీమీటరు వంగి ఉండాలి. ఆ ఎదురు ఒత్తిడే పలుకునిస్తుంది. ఎక్కువ పెడితే గోరు విరుగుతుంది, తక్కువైతే బ్లేడు వేలాడుతుంది. మన పల్లెల్లో కమ్మరులు కొడవళ్ళకూ గొడ్డళ్ళకూ వాడే లారీ కమాన్ పట్టీ మంచి ఉక్కే, కానీ దాన్ని నూనెలో చల్లార్చాలి. నీళ్ళలో ముంచితే ఇంత సన్నని ముక్క పగిలిపోయే ప్రమాదం ఉంది. కొలిమి దగ్గర ఈ మాట ముందే చెప్పుకోవాలి.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి

వరంగల్, కరీంనగర్ వైపు ఇవి బయటపడేది పాత ఇనుప సామాను దుకాణాల్లో, వారం వారం జరిగే అంగళ్ళలో, ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు. ఓపిక ఉన్నవాళ్ళు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ దాకా పోతారు. ఎక్కడైనా సరే, ధర అడిగే ముందు రెండు నిమిషాలు చాకుతో గడపాలి.

ముందు మూసి చూడండి. బ్లేడు మొన పిడి లోపలి రెండు లోహపు రేకుల మధ్య పూర్తిగా మునిగి ఉండాలి. మొన పైకి తేలి జేబు గుడ్డకు తగులుతోందంటే కారణం టాంగ్ కిందుండే చిన్న బొడిపె. దాన్ని కిక్ అంటారు. మూసినప్పుడు కిక్ కమాను మీద ఆని, పదునైన అంచు కమానుకు తగలకుండా కాస్తుంది. మొన తేలితే కిక్‌ను ఆకురాయితో రెండు మూడు సార్లు గీసి దించవచ్చు. దీనికి తొందర పనికిరాదు. ఎక్కువ గీస్తే అంచు నేరుగా కమానుకు కొట్టుకుని, బ్లేడు నడుమ ఎప్పటికీ ఒక సొట్ట పడుతూనే ఉంటుంది. పాత చాకు అంచులో ఒకే చోట మెరిసే చుక్క కనిపిస్తే కారణం ఇదే.

తెరిచి, వీపు వైపు చూడండి. మూసినప్పుడూ తెరిచినప్పుడూ కమాను పక్క రేకులతో సమంగా ఉంటే చేసినవాడి చేయి మంచిది. గోటితో అడ్డంగా గీస్తే మెట్టు తగలకూడదు. ఆ తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి, కమానుకూ రేకులకూ మధ్య సందుల్లోంచి కాంతి వస్తోందేమో చూడండి. వెంట్రుకంత గీత పాత చాకులకు సహజం. నడుమ నుంచి చివరికి వెడల్పవుతూ పోయే సందు ఉంటే లోపల తుప్పు ఉబ్బి రేకుల్ని తోస్తోందని అర్థం. ఆ చాకు బయటికి ఎంత బాగున్నా వదిలేయడం మంచిది.

బ్లేడు మొన పట్టుకుని పక్కలకు ఊపండి. పక్క ఊపు ఇరుసు సీల వదులవడం వల్ల వస్తుంది, బాగవుతుంది. సన్నని కాగితపు ముక్కను నూనెలో తడిపి టాంగ్‌కూ రేకుకూ మధ్య దూర్చి, కీలు దగ్గర పిడికి ఉండే లోహపు తొడుగును, అంటే బోల్స్టర్‌ను, చదునైన ఇనుప దిమ్మ మీద ఆనించి, చిన్న సుత్తితో సీల తల మీద మూడు నాలుగు తేలిక దెబ్బలు వేసి చూడాలి. చాలకపోతే ఇంకో రెండు. ఒక్క గట్టి దెబ్బతో తేల్చేయాలనుకుంటే బ్లేడు బిగుసుకుపోతుంది, బోల్స్టర్ మీద సొట్ట మిగులుతుంది. సుత్తి పక్కకు జారితే ఎముక పిడి చీలుతుంది. పైకీ కిందికీ ఊగే బ్లేడు సంగతి వేరు. అది టాంగ్, కమాను పొందిక అరిగిన గుర్తు, సుత్తికి లొంగదు.

చివరికి బ్లేడు అరుగుదల. ఎన్నో ఏళ్ళు నూరిన బ్లేడు సన్నబడి గోటి గాడి అంచుకు దగ్గరవుతుంది, మొన పొట్టిదవుతుంది. అలాంటి చాకులో తప్పేమీ లేదు, ఒక మనిషి చేతిలో పనిచేసిన గుర్తు అది. ధర మాత్రం అందుకు తగ్గట్టే ఉండాలి. అమ్మేవాడు నిండు బ్లేడు ధర చెబితే, బ్లేడు మొదట్లో నూరకుండా మిగిలిన మెట్టును చూపించండి. ఆ మెట్టు ఎంత లోతుంటే అంత లోహం పోయిందన్నమాట.

ముద్ర ఏం చెబుతుంది

టాంగ్ మీద కంపెనీ పేరో గుర్తో కొట్టి ఉంటుంది. ఉక్కును గట్టిపరచక ముందే అచ్చుతో కొట్టిన ముద్ర కాబట్టి దాని గీతలకు లోతు, వాలు ఉంటాయి. పైపైన కాల్చినట్టు చదునుగా ఉంటే కొత్తగా వేసిందని అనుమానించాలి. షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ గుర్తు నక్షత్రం, శిలువ. ఆ గుర్తు 1682లో నమోదైంది. పేరు ఎంత పెద్దదో దాన్ని అనుకరించినవాళ్ళు అంత ఎక్కువ. అక్షరం తేడాతో రాసిన పేర్లు, నక్షత్రం బదులు పువ్వు, ఇలాంటివి మన అంగళ్ళలోనూ ఎదురుకావచ్చు. షెఫీల్డ్ అనే మాట ఒక్కటే కనిపిస్తే దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

కాలం తేల్చడానికి ఒక చట్టం పనికొస్తుంది. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకం చట్టం కోరింది. అందుకే అక్కడికి పంపిన యూరప్ చాకుల మీద ఇంగ్లండ్, జర్మనీ అన్న మాటలు 1891 నుంచి కనిపిస్తాయి. ఆ మార్కెట్ కోసం చేయని చాకు మీద దేశం పేరు లేనంత మాత్రాన అది అంతకు ముందుదని చెప్పలేం. ఈ రెండో సగాన్ని మరిచిపోయి చాలామంది తమ చాకుకు లేని వయసు అంటగడతారు.

అన్నిటికంటే తేలిగ్గా చదవగలిగేది అమెరికా కంపెనీ కేస్ పద్ధతి. 6254 అని ఉంటే మొదటి 6 గాట్లు పెట్టిన ఎముక పిడిని, 2 రెండు బ్లేడ్లను, 54 ట్రాపర్ అనే రూపాన్ని చెబుతాయి. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి తీసేస్తూ పోయారు. ఏడు చుక్కలుంటే అది 1973 చాకు. 

ఉక్కు గొడవ, డమాస్కస్ మోజు

కార్బన్ ఉక్కా, స్టెయిన్‌లెసా అన్న వాదన ఎప్పటికీ తెగదు. నిజానికి తెగాల్సిన పని కూడా లేదు. పాత చాకుల్లో ఎక్కువ భాగం కార్బన్ ఉక్కు. నేటికీ వాడుకలో ఉన్న 1095 రకంలో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది. సన్నగా పదునెక్కుతుంది, రాయి మీద తేలిగ్గా నూరవచ్చు, తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, మరక పడటం తక్కువ. కార్బన్ బ్లేడుతో పుల్లటి మామిడికాయ కోస్తే నిమిషాల్లో నీలం, ఊదా, బూడిద రంగులు తేలతాయి. మొదటి రెండు మూడు సార్లు ముక్కకు ఇనుము వాసన తగులుతుంది. ఆ రంగు కుదురుకున్నాక వాసన పోతుంది, బ్లేడు మీద ఒక పలుచటి కాపుదల పొర మిగులుతుంది. సేకరించేవాళ్ళు పాటినా అని ముద్దుగా చూసుకునేది దీన్నే. దాన్ని తుప్పనుకుని తోమేయడమే పాత చాకులకు జరిగే పెద్ద నష్టం. తుప్పు ఎర్రగా, పొడిపొడిగా వేలికి అంటుతుంది. పాటినా అంటదు.

ఇప్పుడు డమాస్కస్ అనే పేరుతో అలల గీతల బ్లేడ్లు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. మన ప్రాంతం వాళ్ళు ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు డమాస్కస్ బ్లేడ్లకు వాడిన ఉక్కు కథలో మన ఊళ్ళున్నాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో కరిగించి ఉక్కు తీసేవారు. 1820ల్లో ఆ పనిని చూసి రాసిపెట్టిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ, ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారని చెప్పాడు. రెండు రకాల ఇనుమును కలిపి మూసలో కరిగించడం ఈ దక్కనీ పద్ధతి ప్రత్యేకత. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో ఈ పని మిగిల్చిన చిట్టెపు దిబ్బల్ని సర్వే చేశాయి. ఈ ఉక్కుకున్న వూట్జ్ అనే ఇంగ్లీషు పేరు కూడా మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు భారత దేశపు వూట్జ్‌తో మంగలి కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసి, యూరప్ ఉక్కు కంటే ఇదే మేలని తన దుకాణం ప్రకటనలో వేసుకున్నాడు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఆయనతో కలిసి ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు.

ఆ ఉక్కు బ్లేడు మీద గీతలు లోపలి నుంచే వస్తాయి. కరిగిన ముద్ద మెల్లగా చల్లారి, తక్కువ వేడిలో సాగగొట్టినప్పుడు కార్బైడ్ కణాలు వరుసలు కడతాయి. నేడు అమ్ముతున్నది దాదాపు అంతా వేరు. 1095, నికెల్ కలిసిన 15ఎన్20 వంటి రెండు ఉక్కుల్ని పొరలు పొరలుగా అతికి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి నలుపు తెలుపు తేల్చినది. బాగా చేస్తే అదీ గొప్ప పనితనమే. చిక్కు మూడో రకంతో వస్తుంది, మామూలు ఉక్కు మీద గీతలు అచ్చు వేసి అమ్మేవాటితో. సన్నని గరుకు కాగితంతో కనిపించని మూల కొంచెం రుద్ది మళ్ళీ ఫెర్రిక్ క్లోరైడ్ రాస్తే పొరల బ్లేడులో గీత తిరిగి తేలుతుంది, అచ్చు గీత తేలదు. బ్లేడు వీపు మీద కూడా గీతలు దాటి అటువైపుకు కొనసాగాలి. ఏ ఉక్కులు వాడారో చెప్పని అమ్మకందారు దగ్గర డమాస్కస్ కొనకండి. కోనసముద్రం ఉక్కుతో చేసిన మడత చాకని ఎవరైనా చూపిస్తే, ప్రయోగశాల పరీక్ష లేకుండా డబ్బు తీయకండి.

శుభ్రం చేయడం: తక్కువే ఎక్కువ

మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ చాలు. తినే వస్తువులు కోసే బ్లేడుకూ అది సరిపోతుంది. కొబ్బరి నూనె, పల్లీ నూనె వద్దు. వంటనూనెలు గాలి తగిలి జిగురు కడతాయి, కొబ్బరి నూనె చలికాలం పొద్దున గడ్డకట్టి కమాను సందులో కూర్చుంటుంది.

పాత కుంచెతో సందుల్లో దుమ్ము దులపండి. కీలులో రెండు మూడు చుక్కలు వేసి, చాకును తలకిందులుగా ఒక రాత్రి ఉంచండి. తెల్లారి పదిహేను, ఇరవై సార్లు తెరిచి మూస్తే నల్లటి మడ్డి ఊరుతుంది. దాన్ని పాత బనీను గుడ్డతో తుడిచి మళ్ళీ నూనె వేయండి. మడ్డి రావడం ఆగేదాకా, అంటే మామూలుగా రెండు మూడు రోజులు, ఇదే పని. మొదటి రోజు గట్టిగా ఉన్న నడక మూడో రోజుకు వెన్నలా మారడం చేతికే తెలుస్తుంది. ఎర్ర తుప్పు ఉన్న చోట నూనె రాసి, నాలుగు సున్నాల నంబరు సన్నని ఉక్కు పీచుతో అద్దినట్టు రుద్దండి. ముద్ర ఉన్న టాంగ్‌ను మాత్రం గుడ్డతో తప్ప దేనితోనూ ముట్టకండి.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఇత్తడి సామానుకు మంచివే. చాకును వాటిలో నానబెడితే తుప్పుతో పాటు మంచి లోహాన్నీ తింటాయి. సందులోకి దిగిన పులుపు నెలల తరబడి లోపల పని చేస్తూనే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న కమాను ఆమ్లంలో నానితే పెళుసెక్కి పగిలే అవకాశం కూడా ఉంది.

పదును పెట్టడానికి తడి రాయి వాడండి. అంచు చెడితే 400 నంబరు, మామూలుగా 1000 నంబరు రాయి, చివర తోలు పట్టీ. 15 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడుకు వీపును రాయి మీంచి 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఎత్తితే 15 నుంచి 20 డిగ్రీల కోణం వస్తుంది. రెండు అగ్గిపుల్లల మందం గుర్తుంచుకుంటే సరిపోతుంది. సైకిలు మీద చక్రం కట్టుకుని వచ్చేవాళ్ళ చేతిలో కత్తిపీట బాగా తెగుతుంది. పాత చాకు పలుచటి అంచు ఆ వేడికి ఆగదు.

పిడి, పక్కవాటిని తినే పిడి

పిడుల్లో ఎముక, కొమ్ము, చెక్క, ముత్యపు చిప్ప ఎక్కువ. ఎముక పిడి మీద సీల చుట్టూ సన్నని చీలికలు వయసు గుర్తులు, వాటికి భయపడనక్కర్లేదు. కణుజు కొమ్ము, ఏనుగు దంతం పిడులైతే వేరు సంగతి. షెఫీల్డ్ పనివాళ్ళు మన అడవుల కణుజు కొమ్మును ఎంతో ఇష్టంగా వాడారు. ఈనాడు మన దేశంలో వాటి కొనుగోలు, అమ్మకం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. అలాంటివాటిని ముట్టుకోకపోవడమే క్షేమం.

సేకరణను లోపలి నుంచి తినేది సెల్యులాయిడ్. గత శతాబ్దం మొదటి సగంలో ముత్యం, తాబేటి చిప్ప, రంగుల చారలు, అన్నిటినీ దీంతోనే అనుకరించారు. నైట్రోసెల్యులోజును కర్పూరంతో కలిపి చేసేది కాబట్టి పిడిని గుడ్డతో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెడితే కర్పూరం వాసన వస్తుంది. కాలం గడిచేకొద్దీ అది చిట్లి, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి ముందు తన బ్లేడును, ఆ తర్వాత అదే డబ్బాలోని మిగతా చాకుల్ని తుప్పు పట్టిస్తుంది. పిడి పక్కన ఉన్న ఇత్తడి రేకు మీద పచ్చటి చిలుము ఒక్కసారిగా పెరిగిందంటే అది మొదటి హెచ్చరిక. ఇలాంటి చాకును గాలి ఆడే చోట విడిగా ఉంచాలి, నిప్పుకు దూరంగా పెట్టాలి. గోళ్ళరంగు తుడిచే అసిటోన్ తగిలిందా, పిడి కరుగుతుంది.

చట్టం గురించి రెండు మాటలు. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడుండి, ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి కాని కత్తులు ఆయుధాల కోవలోకి వస్తాయి. జేబు చాకు ఆ కొలతకు ఎంతో లోపలే ఉంటుంది. అయినా ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు, విమానంలో చేతి సంచిలో ఏ చాకూ ఒప్పుకోరు. సేకరణ ఇంట్లో ఉండాల్సినది, జాతరకు జేబులో వేసుకుపోవాల్సినది కాదు.

వానాకాలం, దసరా

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన గాలిలో తడి చాకులకు పరీక్ష పెడుతుంది. తోలు ఒర చూడటానికి అందమే, దాచడానికి పనికిరాదు. తోలు తడిని పీల్చి పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధి చేసేటప్పుడు వాడిన రసాయనాలు ఇత్తడిని పచ్చబరుస్తాయి. నూనె రాసిన చాకును మూసి, నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. సగం తెరిచి ఎప్పుడూ ఉంచకండి, కమాను టాంగ్ మూల మీద వంగి ఉండిపోతుంది. నెలకొకసారి గుడ్డ విప్పి చూడటం చాలు.

చెక్క పిడి ఒపినెల్ ఉన్నవాళ్ళకు జూలైలో ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. పిడి ఉబ్బి బ్లేడు ఇరుక్కుంటుంది. గోటితో లాగి గోరు పోగొట్టుకోకండి. తాళపు ఉంగరాన్ని తెరిచి, పిడి మడమను బల్ల అంచుకు రెండు సార్లు తట్టితే బ్లేడు మొదలు కొంచెం బయటికి వస్తుంది, అప్పుడు తెరవవచ్చు. సావోయ్ రైతుల పాత చిట్కా ఇది. ఎండ రోజున బాగా ఆరాక కీలు సందులో మైనం పట్టిస్తే మరుసటి వానాకాలం ఇబ్బంది తగ్గుతుంది.

ఆయుధ పూజ రోజున చాకుల్నీ పీట మీద పెట్టే ఇళ్ళున్నాయి. పెట్టండి, కానీ ముందు బ్లేడుకు పలుచగా నూనె రాయండి. ఎముక పిడి మీద తడి పసుపు పడితే ఆ రంగు లోపలికి ఇంకి ఇక పోదు, కాబట్టి బొట్టు లోహపు బోల్స్టర్ మీద పెట్టండి. నిమ్మకాయ రసం బ్లేడును తాకనివ్వకండి. పూజయ్యాక, సాయంత్రం జమ్మికి బయలుదేరేలోపే పసుపు కుంకుమ పొడి గుడ్డతో తుడిచి, కీలులో ఒక్క చుక్క నూనె వేసి, టక్కుమని పలికేలా ఒకసారి తెరిచి మూసి, డబ్బాలో పెట్టేయండి.